సాలూరు లారీ మీద అమ్మ బొమ్మ

సాలూరు అనగానే లారీలే గుర్తొస్తాయి కదండీ! విజయవాడ తర్వాత లారీలంటే మా ఊరేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. విజయనగరం నుంచి రామభద్రపురం మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మా ఊరు దాటాక ఘాటెక్కి, సుంకి మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వైపు పోతుంది. 2022 నుంచి మాది పార్వతీపురం మన్యం జిల్లా.

ఈసారి వస్తే వేగావతి నది, శ్యామలాంబ అమ్మవారి గుడి చూసుకుని, ఓ గంట లారీ బాడీలు కట్టే షెడ్ల వైపు కూడా రండి. టర్పెంటైన్ వాసనకి కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే అనుకోండి! వెల్డింగూ, చెక్కపనీ అయ్యాక చివర్లో పెయింటరు దిగుతాడు. ప్రైమరు కొట్టి, లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, ఆ పైన ఎనామిల్ రంగు. ముగ్గుకి ముందు మనం వాకిలి అలుక్కోమూ, అలాగన్నమాట.

నేను చూసిన పెయింటరుకి యాభై దాటాయి. చిన్నప్పుడు షెడ్లో బ్రష్షులు కడుగుతూ నేర్చుకున్న విద్యేనట. లారీ వెనక తలుపు మీద రెండు కొండలు, మధ్యలో ఏరు, ఒక తాటిచెట్టు వేస్తున్నాడు. "ఇది ఏ కొండ అన్నయ్యా?" అంటే, బ్రష్షుతోనే బయటికి చూపించి, "అదిగోనమ్మా" అన్నాడు.

క్యాబిన్ మీద మాత్రం లారీ ఓనరు తల్లి బొమ్మ. ఆవిడ పోయి చాలా ఏళ్లయిందిట. ఉన్నదల్లా బొటనవేలంత ఫొటో, అదీ వెలిసిపోయింది. "అమ్మకి ముక్కుపుడక ఏ పక్క బాబూ?" అని పెయింటరు అడిగితే, ఆ అబ్బాయి తెల్లమొహం వేశాడు. చివరికి అక్కకి ఫోను చేస్తేగానీ తేలలేదు. పుడక పెట్టాకే కళ్లు దిద్దాడు. ఆ అబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడు, పాపం.

బొమ్మలకీ మా వైపుకీ పాత చుట్టరికమేనండోయ్. అంట్యాకుల పైడిరాజు గారు 1919లో పుట్టింది మా పక్కనున్న బొబ్బిలిలోనే. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారి దగ్గర చదువుకుని, విజయనగరంలో చిత్రకళ నేర్పారు. పల్లెటూరి ఆడవాళ్లనే ఎంతో అందంగా గీశారు.

ఇప్పుడు రెడీమేడ్ స్టిక్కర్లొచ్చి ఈ పెయింటరుకి పని తగ్గింది. కొడుకు స్టిక్కర్లు కోసే దుకాణంలోనే చేరాడు. "వాడు గంటలో అంటించేస్తాడమ్మా, నాకు మూడ్రోజులు" అని నవ్వాడు. కానీ పోయినవాళ్ల మొహం కావాలంటే మాత్రం ఆ దుకాణంవాళ్లే ఇతని దగ్గరికి పంపుతారట.

పొద్దున్నే రండి, మధ్యాహ్నమైతే రేకుల వేడికి నిలబడలేరు. టీ ఇస్తే వద్దనకండి, చిన్నబుచ్చుకుంటారు.