మూడు సెకన్ల లెక్క

2025 దసరాకి ఊరెళ్ళేటప్పుడు బ్యాగులో బట్టలతో పాటు ఒక డిజిటల్ చెస్ గడియారం కూడా పెట్టుకున్నా. ఆఫీసులో భోజనాలయ్యాక మేం నలుగురం ఆడుకునే బ్లిట్జ్ ఆటల కోసం కొన్నదది. "పండక్కి ఇదెందుకు?" అంది మా ఆవిడ. "నాయినకి చూపిద్దామని" అన్నా. నిజం చెప్పొద్దూ, నాయినని ఒక్కసారైనా ఓడిద్దామని.

మా ఊరు మర్రిగూడ, నల్గొండ జిల్లా. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద మాల్ దాకా వచ్చి పక్కకి తిరగాలి. నాయినకి అక్కడ చిన్న కిరాణా కొట్టుండేది. నా చిన్నప్పుడు రాత్రిపూట మా ఊళ్ళో ఒక బస్సు ఆగేది. దాని కండక్టరు టికెట్ల లెక్క చూసుకుని, అన్నం తిని, మా కొట్టు అరుగు మీదికొచ్చేవాడు. ఇక చదరంగమే. కరెంటు పోతే కందిలి వెలిగించుకుని మరీ ఆడేవాళ్ళు. ఒక్కో ఎత్తుకి ఒక్కో బీడీ కాలిపోయేది. తెల్లారి అయిదింటికి బస్సు తియ్యాలి కాబట్టి, వాళ్ళకున్న టైం కంట్రోలల్లా అదే.

నాయిన చేతుల గురించి కూడా చెప్పాలి. మా మండలం పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఫ్లోరైడే. తాగేనీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా చుట్టుపక్కల బోర్లలో అంతకు చాలా ఎక్కువే ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి మా జిల్లా పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. ఇప్పుడు భగీరథ నల్లాలొచ్చాయి. కానీ యాభై ఏళ్ళు బోరు నీళ్ళు తాగిన మనిషికి ఎముకల్లో చేరింది ఎక్కడికి పోతుంది? నాయిన మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. బంటుని పట్టుకోవడానికి కూడా కొంచెం సర్దుకోవాలి.

ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణే. అయినా అయిదు నిమిషాల ఆట పెట్టా. గడియారం నా కుడిచేతి పక్కనే పెట్టుకున్నా.

"ఏందిరా గిది, రెండు గడియారాలా?"

"నీకొకటి, నాకొకటి నాయినా. ఎత్తు వేశాక నీ వైపు మీట నొక్కాలి. అప్పుడు నీది ఆగి నాది నడుస్తది. అయిదు నిమిషాలు ముందెవరికి అయిపోతే వాళ్ళు ఓడినట్టు."

మొదటి ఆటలో నాయిన నా ఏనుగు తినేశాడు. కాసేపటికి ఒక గుర్రం. ఇంకో నాలుగెత్తుల్లో నా రాజు పని అయిపోయేదే. ఈలోగా ఆయన వైపు సున్నాలొచ్చాయి. గెలిచా! రెండో ఆటా అంతే, మూడోదీ అంతే. మూడోదానికి నేను నవ్వుతున్నా కూడా.

నాయిన పావులు సర్దుతూ ఒకే మాటన్నాడు. "నా టైం ఆలోచనకు అయిపోలేదురా. మోచెయ్యికి అయిపోయింది."

ఆ రాత్రి పడుకుని లెక్కేశా. ప్రోగ్రామర్ బుద్ధి కదా! పావు జరిపి మీట నొక్కడానికి నాకు ఒక సెకను, నాయినకి మూడు. పావు జరిపిన చేత్తోనే మీట నొక్కాలన్నది ఫిడే నియమం, కాబట్టి రెండో చెయ్యి సాయం రాదు. ఆటకి నలభై ఎత్తులనుకుంటే, 300 సెకన్లలో నాయినకి 120 చేతికే పోతాయి. ఆలోచించడానికి మిగిలేది 180. నాకేమో 260. ఇద్దరికీ అయిదు నిమిషాలే అన్నది పేరుకి మాత్రమే.

పొద్దున్నే ఒక ఉపాయం చెప్పా. ఈ గడియారాల్లో రెండు వైపులా వేరువేరు టైం పెట్టుకోవచ్చు. "నీకు ఏడు నిమిషాలు, నాకు అయిదు పెడతా."

నాయిన మొహం మాడిపోయింది. "నాకు ధర్మం జెయ్యకురా. ఇద్దరికీ ఒక్క లెక్కే పెట్టు."

ఇహ గడియారంలో ఏమేం పద్ధతులున్నాయో చూడక తప్పలేదు. అప్పటిదాకా మాకు 'అయిదు నిమిషాలు, మొదలుపెట్టు' తప్ప ఇంకేదీ అవసరం పడలేదు మరి.

చదరంగం టోర్నమెంట్లలో రెండు ముఖాల గడియారం 1883లో లండన్‌లో మొదలైంది. అంతకు ముందు ఇసుక గడియారాలు వాడిన పోటీలూ ఉన్నాయి. ముళ్ళ గడియారానికి టైం తగ్గించడమే తెలుసు, తిరిగివ్వడం తెలీదు. ఆ పని డిజిటల్ గడియారాలతో తేలికైంది. బాబీ ఫిషర్ 1988లో పేటెంటుకి దరఖాస్తు చేసి, 1989లో తెచ్చుకున్నాడు. ఎత్తు వేసినప్పుడల్లా గడియారంలో కొన్ని సెకన్లు కలుస్తాయి. 1992లో స్పాస్కీతో ఆడినప్పుడు అలాంటి గడియారమే వాడారు. ఇప్పుడు పెద్ద టోర్నమెంట్లన్నీ దాదాపు ఈ దారిలోనే. ప్రపంచ రాపిడ్‌లో 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకి 2 సెకన్లు.

మేమూ అయిదు నిమిషాలు, ఎత్తుకి మూడు సెకన్లు పెట్టి ఆడాం. నాయిన పరిస్థితి కొంచెం మెరుగైంది, కానీ నాది ఇంకా మెరుగైంది! ఎందుకంటే నేను ఒక సెకను ఖర్చుపెట్టి మూడు తీసుకుంటున్నా. ఎత్తుకి రెండేసి చొప్పున నలభై ఎత్తుల్లో 80 సెకన్లు జమ. నాయినకి వచ్చిన మూడూ చేతికే సరి. నిన్నటి తేడా కూడా 80 సెకన్లే, లెక్క చూసుకోండి. తేడా అలాగే ఉంది, అంకెలు మాత్రం పెద్దవయ్యాయి.

మూడోది డిలే పద్ధతి. డేవిడ్ బ్రాన్‌స్టీన్ పేరుతో ఉన్న పద్ధతిలో, మీరు ఎత్తుకి ఎంత వాడారో అంతే తిరిగిస్తారు, అదీ ఒక హద్దు వరకే. హద్దు మూడు సెకన్లయితే, ఒకటి వాడినవాడికి ఒకటి, మూడు వాడినవాడికి మూడు, పది వాడినవాడికీ మూడే. అమెరికాలో ఎక్కువగా వాడే డిలేలో, టైం తగ్గడం మొదలయ్యే ముందు గడియారం ఆ మూడు సెకన్లు ఊరికే ఆగుతుంది. తెర మీద కనబడేది వేరైనా లెక్క దాదాపు ఒకటే. రెండింట్లోనూ ముఖ్యమైన సంగతి, వాడని సెకన్లు దాచుకోవడం కుదరదు. ఆ మిగిలిన రెండు సెకన్లలో కావాలంటే నేను ఆలోచించుకోవచ్చు, కానీ చివర్లో వాడుకుందామని మూట కట్టుకోలేను.

ఇద్దరికీ ఒక్క లెక్కే. నాయిన ఒప్పుకున్నాడు. గడియారం ఆయన కుడిచేతి పక్కకి మార్చా. అయిదు ఆటలాడితే నాలుగు ఓడిపోయా. ఆ ఒక్కటీ కోడలు చాయ్ తెచ్చినప్పుడు పరధ్యానంలో మంత్రిని పోగొట్టుకోవడం వల్ల గెలిచాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. తిరుగు ప్రయాణంలో, ఇబ్రహీంపట్నం దాటాక, ఒక కుర్రాడు గుర్తొచ్చాడు.

ఆగస్టులో మా టీముకి ఇంటర్వ్యూలు చేశా. అందులో ఒకడు పదోతరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. ఏ ప్రశ్న అడిగినా ముందు అయిదారు సెకన్లు మౌనం. నేను ఆగేవాణ్ణి కాను. "ఓకే, నెక్స్ట్" అనేవాణ్ణి. రెండుమూడు సార్లు అతను నోరు తెరిచేసరికి నేను తర్వాతి ప్రశ్నలో ఉన్నా. ఫారంలో 'ఆలోచన నెమ్మది' అని రాసి పంపేశా.

ఆ అయిదారు సెకన్లు ఏంటో నాకు తెలీదా? నేనూ తెలుగు మీడియమే. ఇంగ్లీషులో విన్నది తెలుగులోకి, తెలుగులో తట్టింది మళ్ళీ ఇంగ్లీషులోకి. అతని టైం ఆలోచనకి అయిపోలేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో నా మోచెయ్యి సాఫీ అయిపోయింది కాబట్టి, అతని మోచెయ్యి నాకు కనబడలేదు.

"వేగం కూడా ప్రతిభే కదా" అని మీరనొచ్చు. కాదనను. 2019లో మాస్కోలో మన కోనేరు హంపి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది టైబ్రేక్‌లో, చివరికి ఆర్మగెడాన్ ఆట ఆడి. అందులో తెల్లపావులకి టైం ఎక్కువ, నల్లపావులకి డ్రా చేసుకున్నా గెలిచినట్టే. హంపి నల్లపావులతో డ్రా చేసింది. 2024లో న్యూయార్క్‌లో అదే టైటిల్ మళ్ళీ గెలిచింది. 2025లో బటూమిలో ప్రపంచకప్ ఫైనల్లో క్లాసికల్ ఆటలు రెండూ డ్రా అయ్యాక, రాపిడ్‌లో దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. వేగంగా ఆలోచించడం ఆటలో భాగమే. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే మనకి డిలే పద్ధతి ఎవరూ ఇవ్వరు కూడా.

కానీ గడియారం పెట్టేవాడు ఏ వేగాన్ని కొలుస్తున్నాడో తెలుసుకుని పెట్టాలి. స్వయంగా పావులు జరపలేని ఆటగాడు సహాయకుణ్ణి పెట్టుకోవచ్చని ఫిడే నియమాల్లోనే ఉంది. చదరంగంలో చూడాల్సింది తల అని వాళ్ళకి స్పష్టంగా తెలుసు. ఇంటర్వ్యూలో చూడాల్సింది ఏంటో నాకే స్పష్టంగా లేదు.

తిరిగొచ్చాక అడిగా. ఆ ఉద్యోగం భర్తీ అయిపోయింది. ఇప్పుడు ఎవర్ని ఇంటర్వ్యూ చేసినా ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెడుతున్నా. అందరికీ అదే పది. చెబితే నమ్మరు, మొదట్లో ఆ పది అంకెలు లెక్కపెట్టడం నాకు ఎంత కష్టమైందో! అవతలివాడు ఆలోచిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం మనకి ఎవరూ నేర్పలేదు. ఆ ఆగస్టు కుర్రాడికి మాత్రం ఇదేం ఉపయోగపడదు.

గడియారం ఊళ్ళోనే వదిలేసొచ్చా. మొన్న నాయిన ఫోన్ చేశాడు. సాయంత్రం బడి వదిలాక ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి ఆడుతున్నారట.

"ఆ ఆగే పద్ధతి ఉంటది గదా, గది ఎట్ల పెడ్తరో మళ్ళ చెప్పు."

"మూడు సెకన్లది పెట్టే వచ్చా కదా నాయినా?"

"గది నాకు సరిపోయిందిరా. ఈ పిలగాడు చానా సేపు ఆలోచన జేస్తడు. పది పెడదామని."