కన్ను చూసింది, నేను చూళ్ళేదు

ఆ తాలుకాయ నెగట్లో వెయ్యకండి బాబూ, దగ్గలేక చస్తాం! అవతలికి విసిరేసి ఇలా వచ్చి కూర్చోండి. మిరప కల్లం దగ్గర కాపలా అంటే తెల్లవార్లూ కబుర్లే కదా. ఇవాళ చూపు సంగతి చెప్పుకుందాం. కన్ను సంగతి కాదండోయ్, చూపు సంగతి.

కన్ను సంగతి మన జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. శుక్లం ముదిరితే పెదకాకాని వెళ్ళి ఆపరేషన్ చేయించుకొస్తారు. 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పెట్టిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారే. కన్ను బాగుంటే చూపు ఉన్నట్టేనని మన లెక్క. ఆ లెక్క తప్పే చోటు ఒకటుంది, వినండి.

పరిశోధకులు పేరు బయటపెట్టకుండా టి.ఎన్. అని రాసే ఒకాయన ఉన్నాడు. స్వయానా డాక్టరు. రెండుసార్లు పక్షవాతం వచ్చి, తల వెనకభాగంలో చూపుకి సంబంధించిన మెదడు రెండువైపులా దెబ్బతింది. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, ఆయనకి మాత్రం ఏమీ కనపడదు. ఓ నడవా నిండా పెట్టెలూ అవీ ఇవీ అడ్డం పెట్టి, ఆ సంగతి చెప్పకుండా, చేతికర్ర లేకుండా నడవమన్నారు. ఒక్కదానికీ తగలకుండా పక్కనుంచి తప్పుకుంటూ వెళ్ళిపోయాడు! తాను దేన్నో తప్పుకున్నానన్న సంగతే ఆయనకి తెలీదు. 2008లో ప్రచురించారు దీన్ని. కంటి నుంచి మెదడుకి దారులు ఒకటికి మించి ఉన్నాయి. పెద్దదారి తెగిపోయినా, మెదడు లోపలి పాత డొంకదారుల్లో కబురు నడుస్తూనే ఉంటుంది. కాళ్ళకి అందిన కబురు ఆ మనిషికి అందలేదు.

మన ఆడవాళ్ళు మిరప రాశి ముందు కూర్చుని, ఊళ్ళో సంగతులు చెప్పుకుంటూ, దించిన తల ఎత్తకుండా తాలు ఏరేస్తారే, అదీ ఇలాంటిదే అంటారా? కాదులెండి. వాళ్ళది చేతివాటం. ఆపి అడిగితే ఏ కాయ ఎందుకు తీశారో చెప్పగలరు. టి.ఎన్.ని అడిగితే చెప్పడానికేమీ లేదు.

ఇంట్లో చేసి చూసుకునేది ఒకటి చెబుతాను. పాత పేపరుతో రెండు గొట్టాలు చుట్టండి. కంటికొకటి పెట్టుకుని, ఒక గొట్టం చివర ఎండుమిరపకాయా, రెండోదాని చివర విచ్చిన పత్తికాయా ఉంచండి. రెండు గొట్టాల గుండ్రాలూ ఒకదానిమీద ఒకటి పడేదాకా సర్దుకోండి. ఎరుపూ తెలుపూ కలిసిపోయి గులాబీరంగు వస్తుందనుకుంటున్నారా? రాదు. కాసేపు మిరపకాయ, కాసేపు పత్తి, మధ్యలో ఒక్కోసారి ముక్కలు ముక్కలుగా రెండూ. మీరు వద్దన్నా మారుతుంది, కావాలన్నా ఆగదు. కళ్ళలో పడే వెలుగు ఇసుమంత కూడా మారలేదు చూడండి. మారిందల్లా మీ ఎరుక.

మరి మెదడులో దేనితోపాటు మారింది? ఆ కిటుకునే పట్టుకున్నాడు లోగోథెటిస్ అనే గ్రీకు శాస్త్రవేత్త. 1990ల్లో కోతులకి కంటికో బొమ్మ చూపించి, ఏది కనపడుతోందో మీట లాగి చెప్పడం నేర్పాడు. చూపు మొదట చేరే తల వెనక ప్రాంతంలో, అటూ ఇటూగా ఐదింట ఒక కణమే కోతి ఎరుకతో పాటు మారింది. కణతల అడుగున, బొమ్మల్ని గుర్తుపట్టే భాగంలో మాత్రం పదింట తొమ్మిది.

ఇక్కడితో తేలిపోలేదు. నుదుటి వెనక మెదడు కూడా ఎరుక మారే సమయంలో బాగా రేగుతుంది. అయితే చూసినందుకా, చూశానని మీట నొక్కి చెప్పినందుకా? 2014లో జర్మనీ వాళ్ళు మీటలు తీసేశారు. రైలు కిటికీలోంచి చూస్తుంటే కనుగుడ్లు చెట్ల వెంట జరిగి జరిగి వెనక్కి వస్తాయి చూడండి, అలాంటి కదలికని బట్టి ఏ బొమ్మ కనపడుతోందో కనిపెట్టారు. నుదుటి వైపు హడావుడి చాలావరకు చల్లారిపోయింది. ఎరుక ఉండే చోటు ఎక్కడంటే, నా మొగ్గు అప్పట్నుంచీ తల వెనకవైపే. ముందువైపు వాళ్ళు ఒప్పుకోరనుకోండి.

కణాలన్నీ దొరికినా ఎరుపు ఎర్రగా ఎందుకు అనిపించాలి అంటారు ఇంకొందరు. మన పక్కనే కృష్ణా జిల్లాలో పుట్టిన కోనేరు రామకృష్ణారావు గారు చైతన్యం మెదడుకే పరిమితం కాదన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో అతీంద్రియ శక్తుల పరిశోధనకి చోటు పెట్టించినాయన. ఆ శక్తుల సంగతి నాకు మింగుడుపడదు గానీ, ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను.

ఎరుక ఆనవాలు మెదడులో దొరుకుతుందా అన్నదాని మీద 1998లో పందెం కూడా పడింది. మన పల్నాడు వాళ్ళు కోడిపందెంలో రాజ్యమే ఒడ్డారని కథ. వీళ్ళు వైన్ సీసాలతో సరిపెట్టుకున్నారు. ఎరుకకి మెదడులో ఆనవాలు పాతికేళ్ళలో తేలిపోతుందన్నాడు క్రిస్టాఫ్ కాక్ అనే శాస్త్రవేత్త. తేలదన్నాడు డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త. 2023లో న్యూయార్కులో కాక్ అందరి ముందూ ఓటమి ఒప్పుకుని సీసాలు అప్పజెప్పాడు. ముందువైపు సిద్ధాంతాన్నీ వెనకవైపు సిద్ధాంతాన్నీ ఎదురెదురు నిలబెట్టి 256 మంది మీద చేసిన పరీక్ష 2025లో అచ్చయింది. రెండింటికీ దెబ్బలు తగిలాయి. కాక్ మాత్రం ఇంకో పాతికేళ్ళకి మళ్ళీ కాద్దాం రమ్మన్నాడు.