ఓడ వసారాలో చుట్ట

బడిపంతులకు వేసవిలో పని యుండదని లోకము తలంచును. 2023వ సంవత్సరపు వేసవికి ముందు రెండు నెలలపాటు మాకు కంటినిండ నిదుర లేకుండ చేసిన పని యొకటి కలదు. ఏ విహారనౌకలో గదివెనుకటి వసారాలో గూర్చుండి పొగ త్రాగనిత్తురు, ఏ నౌకలో నీయరు అను నిబంధనలను ఆయా కంపెనీల పత్రములలో నక్షరము విడువక చదువుటయే యా పని. పాణిని సూత్రములును, షేక్స్పియరు నాటకములును చదివిన కన్నులతో నిట్టి వానిని గూడ చదువవలసి వచ్చునని మేమెన్నడును తలంపలేదు. ఎందుల కీ పరిశ్రమ పట్టినదో విన్నవించెదము.

మా తమ్ముడు హ్యూస్టను నగరమున నుద్యోగి. మా తల్లిదండ్రుల వివాహమై ఆ యేటికి 50 ఏండ్లు నిండుచుండుటచే, వారిని మమ్మును రప్పించి, చేరువనున్న గాల్వెస్టను రేవునుండి కరీబియను సముద్రములో నేడు దినములు త్రిప్పవలెనని వాని సంకల్పము. పిల్లలతో గూడ మొత్తము తొమ్మండుగురము. అంతయు నానందముగానే యుండెను. కాని మా తండ్రిగారు ఫోనులో తమ్ముని మాట లన్నియు విని, చివర నొక్క ప్రశ్న వేసిరి.

"ఓడలో చుట్ట కాల్చుకోనిస్తారట్రా?"

తమ్ముడు నీళ్లు నమలెను. "అయితే మీరు వెళ్లి రండి. నేను ఇంటిదగ్గరే ఉంటాను" అని ఫోను మా చేతికిచ్చి వారు అరుగుమీదికి బోయిరి.

మా తండ్రిగారికి 74 ఏండ్లు. గోదావరి లంకలలో బండిన పొగాకు చుట్ట వారికి పదునెనిమిదవ యేటనుండి తోడు. వేకువను కాఫీకి ముందొకటి, భోజనానంతర మొకటి, సాయంకాలము పత్రిక చదువుచు నొకటి; తక్కినవానికి లెక్క లేదు. మా తల్లికి ఉబ్బసము. ఈ రెండు సంగతులను ఒక వాక్యము ప్రక్క నింకొక వాక్యముగా వ్రాయుట మాకిదే మొదటిసారి. ఇంటిలో వీనిని ఎవరమును ప్రక్కప్రక్కన బెట్టి చూచి యెరుగము.

బౌధాయన ధర్మసూత్రములో పాతిత్యము గలిగించు కార్యములలో సముద్రయానమే మొట్టమొదట జెప్పబడినది. ఓడ యెక్కి వచ్చినవానికి పంక్తిలో విస్తరి వేయవచ్చునా యని మా ముత్తాతల నాడు పండితులు తర్కించుకొనిరి. వారి మునిమనుమల మగు మాకు ఓడ యెక్కుటలో దోషము తోచలేదు. ఎక్కిన పిమ్మట చుట్ట యెక్కడ వెలిగింపవలెనన్నదే ధర్మసందేహ మైనది!

ఈ నౌకలను చూడని చదువరులకై రెండు మాటలు. ఇవి సముద్రముమీద దేలు పది పదునైదు అంతస్తుల మేడలు. సముద్రము వైపుననున్న గదులలో బెక్కింటికి వెలుపల నొక చిన్న వసారా యుండును. దానిని బాల్కనీ యందురు. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల పట్టునంత చోటు. ఆ చోటు కొరకు మామూలు గదికంటె నెక్కువ వెల యిచ్చుకొనవలెను. ప్రక్కగది వసారాకును దీనికిని నడుమ నొక పలుచని తడిక. దాని పైనను క్రిందను గాలి పోవు సందు. పొగ త్రాగువాడు, "ఈ చోటికి వెల యిచ్చితిని, ఇక్కడ నా యిష్టము" అనును. ప్రక్కవాడు, "నేనును వెల యిచ్చితిని, సముద్రపు గాలికి గాని నీ పొగకు గాదు" అనును. ఇద్దరి మాటయు న్యాయమువలెనే యుండును. నడచుచున్న యోడమీద గాలి యెటు కొట్టునో నియమము లేదు గనుక ఈ వ్యాజ్యమును తడిక తీర్పజాలదు.

నౌకల వారు దీనిని ముందుగా నొక విధముగా దీర్ప జూచిరి. కార్నివాల్ కంపెనీవారు 1998లో 'పారడైజ్' అను క్రొత్త నౌకను ఫిన్లాండు దేశమునందలి హెల్సింకిలో గట్టించి, దానిలో నెచ్చటను ఎవ్వరును పొగ త్రాగరాదని శాసించిరి. పట్టుబడినవానికి 250 డాలర్ల జరిమానా. అంతటితో సరిపెట్టక తరువాతి రేవులో దింపివేసి, నీ వ్యయముతో నీ వింటికి బొమ్మనుచుండిరి. మా వంటివారికి ఈ కథ చదువగనే యొడలు పులకరించును. కాని ఆ నియమము ఆరేండ్లే నిలిచినది. 2004లో దానిని దీసివేసిరి. పొగ త్రాగనివారు మద్యమునకును జూదమునకును గూడ తక్కువ వెచ్చించుచుండి రనునది యొక కారణముగా జెప్పబడినది. మాకు ముఖ్యముగా దోచినది రెండవ కారణము: ఇరువదిమంది బంధువులు కలిసి బయలుదేరునప్పుడు అందులో నిద్దరు పొగ త్రాగువా రున్న యెడల, ఆ యిద్దరి కొరకు ఇరువదిమందియు వేరొక నౌకకు బోవుచుండిరి.

ఈ వాక్యము చదివి మేము పుస్తకము మూసినట్లు కంప్యూటరు మూసితిమి. తొమ్మండుగురి ప్రయాణము ఒక చుట్ట చివర వ్రేలాడుచుండుట అప్పుడే మా యింటిలో జరుగుచుండెను గదా!

తరువాతి మార్పు ధర్మబుద్ధి వలనగాక నిప్పువలన వచ్చినది. 2006వ సంవత్సరము మార్చి 23వ తేదీ తెల్లవారుజామున, 'స్టార్ ప్రిన్సెస్' అను నౌక జమైకా వైపునకు బోవుచుండగా నొక బాల్కనీలో మంటలు పుట్టెను. ఎవరో పారవైచిన సిగరెట్టు తునుక ఆరక రాజుకొని యుండునని విచారణాధికారులు నిర్ణయించిరి. బాల్కనీల నడిమి తడికలు, కుర్చీలు మంటకు సులభముగా లొంగు పదార్థములు, గాలి తోడైనది, నిమిషములలో మంట పై యంతస్తులకు బ్రాకినది. ఒక ప్రయాణికుడు మరణించెను. పెక్కు గదులు నాశమయ్యెను. అంతవరకు గది లోపలి యగ్నిభయమును గూర్చి వ్రాసికొన్న అంతర్జాతీయ నియమములలో బాల్కనీల ప్రసక్తియే లేకుండెను. వానికి గూడ నియమములు చేసి 2008 జూలై నుండి అమలుపరచిరి. పిమ్మట నొక్కొక్క కంపెనీయే బాల్కనీలలో పొగను మాన్పించెను. సెలెబ్రిటీ వారు 2008లో, ప్రిన్సెస్ వారు 2012లో, డిస్నీ వారు 2013లో, రాయల్ కరీబియన్ వారు 2014 ఆరంభమున, కార్నివాల్, నార్వీజియన్ వారు అదే సంవత్సరము చివర.

ఇందులో నొక చిత్రము గలదు. 1998లో నొక్క నౌక మాత్రము నియమము పెట్టగా పొగ త్రాగువారందరు ప్రక్క నౌక కెక్కిరి. 2014లో పెద్ద కంపెనీలు ఒకే యేట నియమము పెట్టగా ప్రక్క నౌక యన్నది దాదాపు లేకపోయెను. ఐరోపా కంపెనీలు కొన్ని చాలకాలము బాల్కనీలో బొగను సహించినవి. మా తమ్ముని యాఫీసులో నొక పెద్దమనిషి కేవల మా కారణముచేతనే ఐరోపా వారి నౌకను వెదకి, ఇంటికి చేరువనున్న రేవును విడిచి, విమానముపై దూరపు రేవునకు బోయి యెక్కెనట. కాని అట్టి పట్టుదల యెందరికుండును? తక్కినవారు కొన్నాళ్లు గొణిగి, వెలయును రేవును అనుకూలముగా నున్న పాత నౌకనే మరల నెక్కిరి. మన యూళ్ల సంగతియు నిట్టిదే. రాజమహేంద్రవరములో 1881 డిసెంబరులో వితంతు వివాహము జరిపించిన యింటికి పిలుపులు నిలిచిపోయినవి. ఒక్క యిల్లు మారినచో వెలి, వీధి యంతయు మారినచో నాచారము.

మేము చదివిన నిబంధనలలో నొకదానికి నవ్వవలెనో యేడువవలెనో తెలియలేదు. కొన్ని నౌకలలో గదిలోను, బాల్కనీలోను, భోజనశాలలోను నిషిద్ధమైన పొగకు జూదశాలలో నొక మూల మాత్రము అనుమతి! ధనము పోగొట్టుకొనుచున్నవానికి దమ్మైన మిగులనిత్తమని కాబోలు. నవ్వుటకు మన కధికారము లేదు. విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి మన చట్టము. మేము పనిచేసిన యొక పాఠశాల గోడమీద ఆ మాట పెద్దయక్షరములతో వ్రాయబడి యుండెడిది. ఆ యక్షరముల నీడలోనే యొక కిళ్లీకొట్టు చక్కగా నడచుచుండెడిది.

ఇంతకును చుట్టకు నౌకలలో స్థాన మెక్కడ? అది సిగరెట్టు గాదు; సిగారు జాతిది. సిగారును పై యంతస్తున ఆరుబయట నిర్ణయించిన మూలలో మాత్రమే కాల్చుకొనవలెనని మా తమ్ముడు చూచిన నౌక నియమము. బాల్కనీలో కాల్చినచో గది శుభ్రపరచుటకని వందల డాలర్లు వసూలు చేయుదురు. ఐరోపా వారి నౌక దొరకునేమో యని మేమింకను వెదకుచుండగా, ఒకనాటి రాత్రి మా గృహిణి వచ్చి ప్రక్కన నిలిచి అడిగెను: "మామయ్యగారికి ఏ ఓడ బాగుంటుందో రెండు నెలలుగా చూస్తున్నారు. అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా?"

ఎవరమును అడుగలేదు. స్త్రీల యారోగ్యమును గూర్చి సభలలో మాటలాడిన మాకును ఆ యాలోచన తట్టలేదు. మరునాడు వంటయింటి గడపలో గూర్చుండి మా తల్లినడిగితిమి. ఆమె చేటలోని బియ్యము నేరుచు చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఆ ఏడు రోజులైనా కిటికీ తీసుకుని పడుకోవాలని ఉంది నాయనా. మీ నాన్నతో అనకు" అనెను.

మేము అనకుండ నుండలేకపోతిమి. ఇందులకు కొంత ధైర్యము కావలసివచ్చినది. కళాశాలలో చదువునాడు మేమును సిగరెట్లు కాల్చినవారమే. మా కుమార్తె పుట్టిన యేట మానివేసితిమి. ఆ యలవాటును తండ్రిగారికి దెలియకుండ దాచినట్లే, మానుటను గూడ వారికి జెప్పలేదు. తండ్రియెదుట కొడుకు పొగమాట యెత్తుట మా యింటి మర్యాద గాదు. ఆ మర్యాదయే యిన్నాళ్లు మా నోరు కట్టినది. ఆనాడు అరుగుమీద వారి యెదుట నిలిచి రెండు సంగతులును చెప్పివేసితిమి: మా సిగరెట్ల కథయు, మా తల్లి కిటికీ కోరికయు. వారు చుట్ట నార్పలేదు. మావైపు చూడను లేదు. మూడు దినములు మాతో మాటలాడలేదు. నాలుగవనాడు పత్రిక మడిచి, "ఆ పైఅంతస్తు మూలకి మెట్లు ఎక్కాలా, లిఫ్టు ఉంటుందా?" అని యడిగిరి. ఆ రాత్రియే తమ్ముడు తొమ్మండుగురికి టిక్కెట్లు కొనెను.

నౌకమీద వారి కా మూల బాగుగనే పట్టుబడినది. ఇంగ్లీషు పది మాటలకు మించి రాని మా తండ్రిగారికి, టెక్సాసు రాష్ట్రపు వృద్ధరైతు ఒకడు స్నేహితుడయ్యెను. ఇద్దరును ఒకరి పొగాకు నొకరు మూచూచుకొని తల లాడించుచుండిరి. అతడు మా లంకచుట్టను రెండు దమ్ములు లాగి దగ్గుతో కన్నీరు పెట్టుకొనగా మా తండ్రిగారికి గలిగిన గర్వము మాటలలో వ్రాయజాలము.

మూడవనాటి రాత్రి మా తల్లి బాల్కనీ తలుపు తెరచి పరుండెను. నడిరేయి దాటిన పిమ్మట ప్రక్కవసారానుండి తడిక క్రిందుగా సిగరెట్టు పొగ వచ్చెను. నియమము గలదు, పాటించువారే లేరు. ఆమెకు దగ్గు తెర వచ్చినది. పిలుపు విని మేము పరుగెత్తునప్పటికి మా తండ్రిగారు చీకటిలో మంచముకోడు పట్టుకొని నిలిచియుండిరి. నౌక పనివానిని పిలిచితిమి, అతడు ప్రక్కగది తలుపు తట్టెను, పొగ నిలిచెను, దగ్గు నిలుచుటకు మరి యరగంట పట్టెను. అంతసేపును మా తండ్రిగారు కదలలేదు. ఇంటివద్ద వారు చుట్ట గాల్చునది అరుగుమీద. మా తల్లి దగ్గునది లోపలి గదిలో. నడుమ రెండు తలుపులు.

ఆమె కన్ను మూసిన పిమ్మట వారు మెల్లగా, "రోజూ ఇలాగే వస్తుందా?" అని మమ్మడిగిరి.

వస్తుందని చెప్పితిమి.

చుట్ట మానిరా యని చదువరు లడుగుదురు. మానలేదు. రోజునకు మూడింటికి దిగినవి. ఇంటికి వచ్చిన వారమునకే అరుగుమీది పడకకుర్చీని తామే యెత్తించి కొబ్బరితోటలో, బావి కావలిగట్టున వేయించుకొనిరి. అక్కడినుండి ఇంటివైపు గాలి మళ్లినప్పుడు లేచి కుర్చీని మరికొంత దూరము జరుపుకొనుచుండుట మేము కిటికీలోనుండి చూచుచుందుము. ఆ యేడు తొలకరి చినుకులు పడిననాడు మా తల్లియే యొక పాత గొడుగు తీసికొనిపోయి ఆ కుర్చీకి కట్టి వచ్చెను.