బెంచీ మీద ఇద్దరే

కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్. మూడో క్వార్టర్లోనే మనవాడొకడు ఐదో ఫౌల్‌తో బయటికొచ్చేశాడు. పన్నెండుమంది ఉండాల్సిన జట్టులో మనకున్నది ఏడుగురే.
బెంచీ మీద ఇద్దరు ఫస్టియర్ పిల్లలు, ఈదురుగాలొస్తే ఎగిరిపోయేలా!

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ రిటైర్డ్ గార్డు మావయ్యగారు (శ్రీకాకుళం మనిషి) మాత్రం స్కోరే చూడరు.
"ఆ బక్కోడు ఎడం చేత్తో కూడా డ్రిబుల్ చేస్తన్నాడ్రా. మొన్నటిదాకా రాదు వాడికి."

భిలాయిలో కోచ్ రాజేశ్ పటేల్ గారు అమ్మాయిల్ని ఏళ్ళ తరబడి అలాగే కొంచెం కొంచెంగా తయారుచేశారు. ఛత్తీస్‌గఢ్‌కి జాతీయ టైటిళ్ళు ఊరికే రాలేదు. 2018లో పోయారాయన.

కాలేజీలో అంత టైమెక్కడిది? బక్కోడికి భుజాలొచ్చేసరికి డిగ్రీ అయిపోతుంది, రైల్వే పరీక్షలకి కూర్చుంటాడు.
అయినా వచ్చే మ్యాచ్‌కీ వెళ్తా.

మీరూ ఇలా ఓడే జట్టునే పట్టుకుని వేలాడారా ఎప్పుడైనా?