కవాటం మార్చిన తరువాత ఇరవై ఏళ్లు

గుండె ఆపరేషన్ జరిగిన ఇండ్ల వారు మమ్మల్ని తరచు అడిగేది ఒక్కటే: "ఆపరేషన్ సరే, ఆ తరువాత ఎన్నాళ్లు?" మా పెద్దబ్బాయికి 2003లో, ఇరవై ఆరవ ఏట, బృహద్ధమని మొదలును, కవాటాన్ని కలిపి మార్చారు. కనుక మాకు తెలిసినంత వ్రాస్తున్నాము.

అతనికున్నది మార్ఫాన్ సిండ్రోమ్. పొడుగు మనిషి, సన్నని వేళ్లు, దళసరి కళ్లద్దాలు. మా రెండు వైపులా ఎవరికీ లేదు. సుమారు నలుగురిలో ఒకరికి తల్లిదండ్రులలో లేకుండానే ఇలా వస్తుందట. గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం మొదట్లోనే ఉబ్బి 5.6 సెంటీమీటర్లకు వచ్చింది. అది చీలితే ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. లండనులో బెంటాల్, డి బోనో అనే వైద్యులు 1968లో ప్రకటించిన పద్ధతిలో, కవాటం అమర్చిన గుడ్డ గొట్టాన్ని అక్కడ కుట్టి, గుండె కండరానికి రక్తమిచ్చే నాళాలను మరల దానికి అతికించారు.

"నొప్పి లేదు కదా, తొందరేమిటి?" అన్నారు బంధువులు. మాకు డాక్టరుగారు చూపిన లెక్కలు వేరు. పది ఆసుపత్రులలో 675 మంది మార్ఫాన్ రోగుల వివరాలు 1999లో అచ్చయ్యాయి. ముందుగా నిర్ణయించుకొని చేయించుకున్నవారిలో నెలలోపు మరణించినవారు నూటికి 1.5 మంది. ప్రాణం మీదికి వచ్చాక చేయించుకున్నవారిలో 11.7 మంది. ఇరవై ఏళ్లకు బ్రతికి ఉన్నవారు నూటికి 59 మంది. ఈ చివరి అంకె విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. 2023లో మావాడు ఆ ఇరవై దాటాడు. దేవునికి స్తోత్రం.

ఊరికే దాటలేదు. లోహపు కవాటం గనుక రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూర మానేయనక్కరలేదు గాని, ఒక వారం గోంగూర, తోటకూర విరగబడి తిని, మరొక వారం మానేస్తే లెక్క తప్పుతుంది. ఒకసారి జ్వరానికి వాడిన యాంటీబయాటిక్‌తో ఐ.ఎన్.ఆర్. 6 దాటి, చిగుళ్ల నుండి రక్తం ఆగలేదు. పన్ను తీయించుకోవాలన్నా ముందు గుండె డాక్టరును అడగాలి. ప్రార్థన చేశాము గనుక మాత్ర మానమన్నవారూ ఉన్నారు. వారికి కాఫీ ఇచ్చి పంపాము.

మార్చిన ముక్కతో పని అయిపోదు. ఆ 675 మందిలో తరువాత మరణించిన వారిలో చాలామందికి మిగిలిన ధమని చీలింది, లేక గుండె లయ తప్పింది. అందుకే మావాడు నేటికీ స్కానింగ్ మానడు.

ఇప్పుడు మా దిగులు మనవరాలిది. ఆమెకు పదిహేనేళ్లు, తండ్రి వ్రేళ్లే వచ్చాయి. బిడ్డకు సగానికి సగం అవకాశమని మాకు తెలిసినదే. ఎకోలో 4.1 వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు. ఆపరేషన్ అవసరమైతే, టొరంటోలోని డేవిడ్ అనే వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతిలో సొంత కవాటాన్ని ఉంచి, ఉబ్బిన నాళాన్ని మాత్రమే మార్చవచ్చునట. రేపు తల్లి కావలసిన పిల్ల. కడుపులోని బిడ్డకు హాని చేసే ఆ మాత్ర జీవితమంతా లేకపోవడం చిన్న సంగతి కాదు. అయితే కొందరికి ఆ కవాటమే తరువాత కారి, మరొక ఆపరేషన్ కావచ్చు. తండ్రీకూతుళ్లు రాత్రిపూట ఇవే మాట్లాడుకుంటారు. నిశ్శబ్దంగా ఉంటే అతని కవాటం టిక్కు టిక్కుమనడం మాకు వినిపిస్తుంది.

వచ్చే జనవరిలో మరల ఎకో. వాలీబాల్ మానిపించినందుకు ఆ పిల్ల తాతయ్యతోను, నానమ్మతోను ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు.