నిమ్మచెట్టు కడ నేర్చిన శాంతి

మా పెరటిలో నూతి ప్రక్క నొక నిమ్మచెట్టు కలదు. దాని కాయలు మా యింటికిని, రెండవ వాటాలోనున్న మా తోడికోడలి యింటికిని చాలును. శ్రావణమాసారంభమున నీళ్లు తోడుకొను వంతు విషయమై మా యిరువురకు మాట పెరిగెను. వయసున చిన్నవారమగుటచే మేమే తగ్గవలసినది, తగ్గలేదు. శుక్రవారపు పేరంటమునకైన నొకరినొకరు పిలువలేదు.

ఆ దినములలోనే లేత నిమ్మయాకులపై పక్షిరెట్టవంటి మచ్చలు కనబడెను. పరికించి చూడగా నవి పురుగులు. కొన్నాళ్లకు పలుమారులు చర్మము విడిచి, ఆకుపచ్చగా బలిసెను. చెట్టు పాడగునని పుల్లతో తీసివేయబోతిమి. పుల్ల తగిలినంతనే యొక పురుగు తలవెనుకనుండి నారింజవన్నె కొమ్ములు రెండు వెలికి వచ్చెను. ఘాటైన వాసన కొట్టెను. మేము చేయి వెనుకకు తీసికొనగానే యా కొమ్ములు లోనికి ముడుచుకొనిపోయెను. పురుగు మరల ఆకు మేయసాగెను. దానికి కుట్టుటకు ముల్లైనను లేదు.

మావారు బడినుండి వచ్చి చూచి, "ఇవి సీతాకోకచిలుక పిల్లలు. నాలుగాకులు పోయినంతమాత్రమున చెట్టు చావదు, ఉండనిమ్ము" అనిరి.

కొన్నాళ్లకది పట్టుదారముతో నడుమును కొమ్మకు కట్టుకొని, గూడై కదలక నిలిచెను. చూచువారి కది నిద్రవలె తోచును. కాని లోపల పాతదేహము చాలవరకు కరగి, క్రొత్తదేహ మేర్పడుచుండును.

చిన్ననాడు మా నాయనగారి కడ భారతము చదువుకొంటిమి. అందు యుద్ధము ముగిసి, స్త్రీపర్వమున తల్లులును భార్యలును విలపించిన పిదపగాని శాంతిపర్వము రాదు. ఇంటిలో నంతవరకు వేచియుండనేల? కోప మెవరికి రాదు? ఆ పురుగు కొమ్ములు క్షణములో లోనికి పోయినవి. మావి నెలదినములుగా వెలుపలనే యున్నవి!

11వ నాటి యుదయమున గూడు పగిలెను. ముడుతలుపడిన రెక్కలతో సీతాకోకచిలుక వెలువడి, కొమ్మను పట్టుకొని వ్రేలాడుచుండెను. మేము గోడ కడకు పోయి, "అక్కయ్యా, ఒకమారు వచ్చి చూడుడు" అని పిలిచితిమి. పిండిచేతులతోనే యామె వచ్చెను. రెక్కలు మెల్లమెల్లగా విచ్చుకొనెను. నలుపుమీద పసుపుమచ్చలు, వెనుక రెక్కల కొసన నొక్కొక్క యెఱ్ఱని బొట్టు. ఆఱినపిదప నది గోడ దాటి ఆమె వాటాలోనికి ఎగిరిపోయెను.

"చెల్లీ, కాయలు పండుచున్నవి. ఊరవేయుటకు జాడీ మా యింట నున్నది" అనెను అక్కయ్య.

ఆ మధ్యాహ్నము మే మిరువురము కలసి కాయలు కోసితిమి.