వెనక సీటు, ముందు సీటు

లెర్నర్ లైసెన్సు పరీక్షకి చదువుతూ, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా తిరగేస్తే 123వ నిబంధన దగ్గర ఆగిపోయాను. మోటార్ సైకిల్‌కి వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు ఉండాలట. మనం శారీగార్డ్ అనేది అదే. కొంగులూ చున్నీలూ చక్రానికి చుట్టుకుంటే ఏమవుతుందో తెలిసిన మనం దాన్ని తక్కువ చెయ్యలేం. కాకపోతే, ఆ ఊహలో స్త్రీ వెనక సీట్లోనే కూర్చుని ఉంది.

తల విషయంలో ఆ మాత్రం పట్టింపు కూడా లేదు. 1988 చట్టం 129వ సెక్షన్ నడిపేవాళ్ళకీ, వెనకవాళ్ళకీ హెల్మెట్ ఉండాలంటుంది. అయినా ఢిల్లీలో 2014 దాకా స్త్రీలందరికీ మినహాయింపు. దాన్ని గౌరవమనుకోవాలా?

ఇంట్లో మనకి చెప్పే 'జాగ్రత్త'కి అర్థం చీకటి పడకముందే వచ్చెయ్యమని, అసలు వెళ్ళకపోతే ఇంకా మంచిదని. బండి నేర్పే జాగ్రత్త వేరు. చున్నీ కొసలు వెనక ముడెయ్యి, హెల్మెట్ పట్టీ బిగించు, అద్దంలో చూసి, సిగ్నలిచ్చి మలుపు తిరుగు, రెండు బ్రేకులూ కలిపి వాడు. ఎలా వెళ్ళాలో చెప్పే జాగ్రత్త ఇది. డాక్టరేట్ దాకా చదివినా నాకెవరూ చెప్పనిది.